మిడిల్‌వెయిట్ బాక్సర్లు ప్రత్యర్థిని ఎట్టా తేల్చుకుంటారు, రీమ్యాచ్ ఎట్టా కుదురుతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు బాక్సింగ్ చూసేవాళ్ళు తక్కువే గానీ, చూసేవాళ్ళు మాత్రం ప్రాణం పెట్టి చూస్తారు. ప్రతి పెద్ద ఫైట్ తర్వాతా అవే ప్రశ్నలు వస్తుంటాయి. వాడు వీడితో ఎందుకు తలపడటం లేదు, ఓడినవాడికి రీమ్యాచ్, అంటే అదే ప్రత్యర్థితో ఇంకో అవకాశం, ఎందుకివ్వలేదు, ఇచ్చినా ఏళ్ళకేళ్ళు ఎందుకు పట్టింది అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే అన్నీ ఒకచోట రాసిపెడదామని ఇది మొదలుపెట్టాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పైస్థాయిలో ఎవరు ఎవరితో తలపడాలన్నది ఛాంపియన్ బెల్టు తేల్చదు, ఎవరి పేరు మీద టికెట్లు అమ్ముడుపోతాయో వాళ్ళు తేలుస్తారు. వాళ్ళ చేతిలో డబ్బుకంటే పెద్ద ఆయుధం ఒకటుంది, అది కాలం. ఎదుటివాడికి వయసు పైబడేదాకా ఆగగలిగినవాడిదే పైచేయి.

అసలు మిడిల్‌వెయిట్ అంటే ఎంత బరువు?

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో 160 పౌండ్లు, అంటే 72.57 కిలోలు. దానికి కింద 154 పౌండ్ల తరగతి, పైన 168 పౌండ్ల సూపర్ మిడిల్‌వెయిట్ ఉన్నాయి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో విజేందర్ సింగ్ కాంస్యం తెచ్చింది అమెచ్యూర్ మిడిల్‌వెయిట్‌లో, అక్కడ హద్దు 75 కిలోలు. మన ప్రకాశం జిల్లా బండలాగుడు పోటీల్లో ఎడ్లని రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విడగొట్టినట్టే ఇక్కడ తూకం చూసి విడగొడతారు. కాకపోతే ఎద్దు పళ్ళు ఎవరూ మార్చలేరు. మనిషి మాత్రం ఫైట్‌కి ముందురోజు ఒళ్ళు ఎండబెట్టి తూకం దించి, మర్నాటికి మళ్ళీ పెంచేసుకోవచ్చు. కింద వచ్చే తగాదాల్లో చాలావాటికి మూలం ఇదే.

బాక్సరు తనకి నచ్చినవాణ్ణి ఎంచుకోవచ్చా?

కెరీర్ మొదట్లో అతని చేతిలో ఏమీ ఉండదు. ఫైట్లు ఏర్పాటు చేసే ప్రమోటర్ దగ్గర మ్యాచ్‌మేకర్ అని ఒకాయన ఉంటాడు, కుర్రాడికి ఎవరైతే సరిపోతారో, ఎవరి దగ్గర నాలుగు రౌండ్లు నేర్చుకుంటాడో, ఎవరైతే ఇప్పుడప్పుడే ప్రమాదమో ఆయనే చూస్తాడు. ర్యాంకుల్లోకి వచ్చాక మేనేజర్ మాటకి బలం వస్తుంది. బెల్టు గెలిచాక, అంతకుమించి జనంలో పేరు వచ్చాక బాక్సరే 'వీడు కావాలి, వాడొద్దు' అని చెప్పే స్థితి వస్తుంది. ఆ స్థితికి వచ్చేవాళ్ళు ఏ కాలంలోనైనా ఒక్కరో ఇద్దరో. మిగతా ఛాంపియన్లందరూ ఆ ఒక్కరి ఫోన్ కోసం ఎదురుచూస్తుంటారు.

ఛాంపియన్‌ని ఫలానావాడితో తలపడమని ఎవరూ బలవంతం చెయ్యలేరా?

చెయ్యగలరు, కానీ దానికో హద్దుంది. ప్రపంచ బెల్టులిచ్చే పెద్ద సంస్థలు నాలుగు: డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీవో. ప్రతి సంస్థా తన ర్యాంకుల్లో పైనున్నవాణ్ణి మ్యాండేటరీ అని ప్రకటిస్తుంది, ఛాంపియన్ గడువులోగా అతనితో తలపడాలి. ఇద్దరి మనుషులూ కూర్చుని డబ్బు మాట్లాడుకోవాలి. తెగకపోతే పర్స్ బిడ్ పెడతారు. అంటే ప్రమోటర్లు కవర్లలో రేటు వేస్తారు, ఎక్కువ వేసినవాడికి ఫైట్ దక్కుతుంది, అందులో ఛాంపియన్‌కి పెద్ద వాటా పోతుంది.

ఇదంతా తప్పించుకోవడానికి దారులున్నాయి. మొదటిది, మ్యాండేటరీగా ఉన్నవాడికి డబ్బిచ్చి కొన్నాళ్ళు పక్కకు తప్పుకోమనడం. 2015లో మిగెల్ కోటో డబ్ల్యూబీసీ ఛాంపియన్. మెక్సికో బాక్సరు కనేలో అల్వారెజ్‌తో పెద్ద ఫైట్ కుదిరింది, కానీ వరసలో ముందున్నది కజకిస్తాన్ బాక్సరు గెన్నాడీ గొలోవ్‌కిన్. గొలోవ్‌కిన్‌కి 8 లక్షల డాలర్లు, సంస్థకి ఫీజు కింద 3 లక్షల డాలర్లు కట్టమన్నారు. కోటో కట్టనన్నాడు, ఫైట్‌కి కొన్ని రోజుల ముందు బెల్టు లాగేసుకున్నారు. అయినా ఫైట్ ఆగిందా? లేదు. జనం వచ్చింది కోటో కోసం, కనేలో కోసం, బెల్టు కోసం కాదు. సంస్థల బలం ఎంతవరకో ఆ ఒక్క సంఘటనతో తెలిసిపోతుంది.

రెండో దారి, బెల్టునే వదిలేయడం.

బెల్టు వదిలేశాడంటే భయపడ్డట్టేనా?

ప్రతిసారీ కాదు. ఆ కోటో ఫైట్ గెలిచి, ఖాళీగా ఉన్న ఆ బెల్టు కనేలో తీసుకున్నాడు. 2016 మే 7న ఆమిర్ ఖాన్‌ని ఆరో రౌండులో పడగొట్టి, గొలోవ్‌కిన్‌ని రింగులోకి పిలిచి నేను రెడీ అన్నట్టు నిలబడ్డాడు. డబ్ల్యూబీసీ మాట్లాడుకోవడానికి గడువు పెట్టింది. రెండు వారాలు తిరక్కుండానే కనేలో బెల్టు వదిలేశాడు, గడువు పెట్టి నాతో బేరమాడించడం కుదరదన్నాడు. ఆ రోజు ఇక్కడ మా వాళ్ళందరూ పిరికివాడని తిట్టారు. నేనైతే దాన్ని లెక్క అంటాను. అప్పటికి కనేలోకి 25 ఏళ్ళు, గొలోవ్‌కిన్‌కి 34. ఏడాది ఆగితే ఎవరికి లాభమో చిన్నపిల్లాడైనా చెప్తాడు. తెలివైన నిర్ణయమే. న్యాయమైందా అంటే కాదు, ఆ మాట గట్టిగానే చెప్తాను.

ప్రత్యర్థిని ఎంచుకునేటప్పుడు ఏమేం చూస్తారు?

ముందు చూసేది ఓడిపోతే పోయేదెంత, గెలిస్తే వచ్చేదెంత అని. అందుకే డెమెట్రియస్ ఆండ్రేడ్ లాంటివాళ్ళు నలిగిపోయారు. ఒలింపియన్, పొడగరి, ఎడమచేతి వాటం, 154లోనూ 160లోనూ బెల్టు గెలిచాడు, ఏళ్ళ తరబడి ఓటమి లేదు. అతనితో తలపడితే ఎవరైనా అందవిహీనంగా కనపడతారు, పైగా అతని పేరు మీద టికెట్లు పెద్దగా తెగవు. అన్ని విధాలా నష్టమే అయితే ఎవరు ఒప్పుకుంటారు? పెద్ద పేర్లేవీ ఒప్పుకోలేదు. మిడిల్‌వెయిట్‌లో అతను కోరుకున్న ఫైట్ ఒక్కటీ రాలేదంటే అది అతని తప్పు కాదు.

తర్వాత ప్రమోటర్లు. ఇద్దరూ ఒకే ప్రమోటర్ దగ్గరుంటే పని సులువు. వేరైతే ఏ టీవీలో, ఏ యాప్‌లో చూపించాలన్న దగ్గరే నెలలు గడిచిపోతాయి. ఆ తర్వాత ఊరు, తేదీ. మెక్సికో బాక్సర్లకి మే మొదటి వారం, సెప్టెంబర్ మధ్య వారం పండగ రోజులు, ఆ తేదీలు కనేలోవి. ఆ తేదీలకి ఎవరు దొరికితే వాళ్ళే ప్రత్యర్థి అన్నట్టుగా చాలా ఏళ్ళు నడిచింది.

స్టైలు కూడా చూస్తారు. మీదికి వచ్చేవాడితో తలపడటం ఒక రకం, వెనక్కి జరుగుతూ కొట్టేవాడితో ఇంకో రకం. చిన్న తరగతుల నుంచి పేరు మోసి పైకి వచ్చినవాడు దొరికితే మిడిల్‌వెయిట్ ఛాంపియన్‌కి పండగే: పేరు పెద్దది, ఒళ్ళు చిన్నది. బెర్నార్డ్ హాప్‌కిన్స్ కెరీర్‌లో అందరికీ గుర్తున్న విజయాలు 2001లో ఫెలిక్స్ ట్రినిడాడ్ మీద, 2004లో ఆస్కార్ డి లా హోయా మీద. ఇద్దరూ కింది తరగతుల నుంచి వచ్చినవాళ్ళే. అందులో తప్పేం లేదు, హాప్‌కిన్స్ తన బరువులో వచ్చినవాళ్ళనీ ఏళ్ళ తరబడి కొట్టాడు, 20 సార్లు బెల్టు నిలబెట్టుకున్నాడు.

మరి గొలోవ్‌కిన్? వరసగా 23 ఫైట్లు నాకౌట్‌తో గెలిచినవాడు. ప్రొఫెషనల్ అయింది 2006లో, అమెరికాలో మొదటి ఫైట్ 2012లో, అసలైన పెద్ద ఫైట్ వచ్చింది 2017లో. అప్పటికి 35 నిండాయి. అతని మంచి వయసంతా ఎవరూ రాని తలుపు ముందు నిలబడి గడిచిపోయింది. ఎప్పుడు తలుచుకున్నా నాకు కడుపు మండుతుంది.

క్యాచ్‌వెయిట్ అంటే ఏంటన్నా? బెల్టు ఫైట్‌లో కూడా బరువు మార్చొచ్చా?

ఇద్దరూ ఒప్పుకుంటే తరగతి హద్దుకంటే తక్కువకి తూకం పెట్టుకోవచ్చు, అదే క్యాచ్‌వెయిట్. అందరూ ఒప్పుకోరు, ఒప్పుకునేట్టు చేస్తారు. 2014లో కోటో, సెర్హియో మార్టినెజ్ ఫైట్ 159 పౌండ్లకి. 2015లో కనేలో, కోటో ఫైట్ 155కి, ఆ తర్వాత ఖాన్ ఫైట్ కూడా 155కే. అంటే కొన్నాళ్ళపాటు డబ్ల్యూబీసీ మిడిల్‌వెయిట్ బెల్టు 160 పౌండ్ల మనిషి ముఖమే చూడలేదు.

ఇంకోటి, తూకం అయ్యాక మళ్ళీ ఎంత పెరగొచ్చన్న హద్దు. ఐబీఎఫ్ ఫైట్ రోజు పొద్దున ఇంకోసారి తూస్తుంది, హద్దుకంటే 10 పౌండ్లు మించకూడదు. 2017లో గొలోవ్‌కిన్‌తో ఫైట్‌కి డానీ జేకబ్స్ ఆ తూకానికే రాలేదు. ఐబీఎఫ్ బెల్టు నాకొద్దులే, ఒంట్లో బలం కావాలనుకున్నాడు, గొలోవ్‌కిన్‌ని 12 రౌండ్లూ నిలబెట్టి చూపించాడు. 2019లో కనేలోతో ఫైట్‌కి కాంట్రాక్టులోనే 170 అని రాశారు, జేకబ్స్ 173.6 తూగి 10 లక్షల డాలర్లు పోగొట్టుకున్నాడు.

2025 ఏప్రిల్‌లో లండన్‌లో క్రిస్ యూబ్యాంక్ జూనియర్ సంగతి చూడండి. కోనర్ బెన్ కింది తరగతి నుంచి వచ్చినవాడు, అందుకని యూబ్యాంక్ మర్నాడు 170 దాటకూడదని షరతు. ముందురోజు తూకంలో యూబ్యాంక్ 160.05 తూగాడు. ఆ .05 అంటే 23 గ్రాములు, చారెడు నీళ్ళ బరువు. దానికి 3,75,000 బ్రిటిష్ పౌండ్ల డబ్బు జరిమానా. ఫైట్ గెలిచాడు గానీ అక్కణ్ణుంచి ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. నవంబర్‌లో రీమ్యాచ్‌లో బెన్ ఏకపక్షంగా గెలిచాడు. చిన్నవాణ్ణి కాపాడటానికని పెట్టే ఇలాంటి షరతు పెద్దవాడి ప్రాణం మీదికి తెస్తే ఎవరిది బాధ్యత? ఎండిపోయిన ఒంటితో తలకి దెబ్బలు తినడం మామూలు సంగతి కాదు. షరతు పెట్టేవాళ్ళు డాక్టర్లు కాదు, ప్రమోటర్లు, అదే నా బాధ.

రీమ్యాచ్ క్లాజు ఎప్పట్నుంచి ఉంది? ఎట్టా పనిచేస్తుంది?

చాలా పాతది. 1951లో అప్పటి మిడిల్‌వెయిట్ ఛాంపియన్ షుగర్ రే రాబిన్సన్ యూరప్ అంతా తిరుగుతూ వరసగా ఫైట్లు చేస్తూ, చివర్లో లండన్‌లో రాండీ టర్పిన్‌తో తలపడ్డాడు. అప్పటికి కెరీర్ మొత్తంలో ఒక్కసారే ఓడిన మనిషి. జులై 10న టర్పిన్ 15 రౌండ్లు శుభ్రంగా గెలిచి బెల్టు తీసుకున్నాడు. కానీ కాంట్రాక్టులో రీమ్యాచ్ అని రాసుంది. 64 రోజులకి న్యూయార్క్‌లో పోలో గ్రౌండ్స్‌లో 60 వేలమందికి పైగా జనం మధ్య మళ్ళీ తలపడ్డారు. పదో రౌండులో రాబిన్సన్ ఎడమ కన్ను మీద చిట్లి రక్తం కారుతోంది, ఇంకాసేపటికి రెఫరీ ఆపేస్తాడేమోనన్న పరిస్థితి. అప్పుడు మీదపడి టర్పిన్‌ని పడగొట్టాడు, లేచాక తాళ్ళకి ఆనించి ఆగకుండా కొట్టాడు. రౌండ్ ముగియడానికి 8 సెకన్లుండగా రెఫరీ ఆపేశాడు. టర్పిన్ ఛాంపియన్‌గా ఉన్నది ఆ 64 రోజులే.

క్లాజు పని అదే. ఛాంపియన్ ఓడితే నేరుగా వెనక్కి వచ్చే దారి ముందే రాసిపెట్టుకుంటాడు. కొత్త ఛాంపియన్‌కి పండగ చేసుకునే టైమ్ కూడా ఉండదు.

క్లాజు ఇద్దరికీ వర్తిస్తుందా?

కొన్నిట్లో ఇద్దరికీ, ఎక్కువగా బలమున్నవాడికే. ఎవరికి రాశారన్నది చూస్తే ఆ ఫైట్‌లో ఎవరిది పైచేయో అర్థమైపోతుంది.

బరువు కూడా ముందే రాసుకునే సందర్భాలున్నాయి. 2007 సెప్టెంబర్‌లో కెల్లీ పావ్లిక్ రెండో రౌండులో కిందపడి లేచి, ఏడో రౌండులో జెర్మైన్ టేలర్‌ని పడగొట్టి బెల్టు గెలిచాడు. టేలర్ రీమ్యాచ్ వాడుకున్నాడు, కానీ 166 పౌండ్లకి. అందుకని 2008 ఫిబ్రవరిలో ఆ ఫైట్‌కి బెల్టు పెట్టలేదు. 160కి దిగి దిగి అలిసిపోయిన టేలర్‌కి అదే కావలసింది. అయినా పావ్లిక్కే పాయింట్లతో గెలిచాడు.

రీమ్యాచ్ పెట్టుకుంటే బెల్టు పోయే అవకాశం ఉందా?

ఉంది. అదే టేలర్ 2005 జులైలో హాప్‌కిన్స్‌ని ఓడించి నాలుగు బెల్టులూ ఒక్కసారే తీసుకున్నాడు. కాంట్రాక్టు ప్రకారం హాప్‌కిన్స్‌కి రీమ్యాచ్ ఇవ్వాలి. ఐబీఎఫ్ ఏమో మా మ్యాండేటరీ సామ్ సోలిమన్‌తో ముందు తలపడు అంది. టేలర్ రీమ్యాచ్‌కే వెళ్ళాడు, ఐబీఎఫ్ బెల్టు పోయింది, డిసెంబర్‌లో దాన్ని ఆర్థర్ అబ్రహాం గెలుచుకున్నాడు. నాలుగు బెల్టులూ ఒకడి దగ్గర ఎందుకు నిలవవని అడిగేవాళ్ళకి జవాబు ఇందులోనే ఉంది.

అడిగీ అడిగీ రీమ్యాచ్ దొరకనివాళ్ళు ఎవరున్నారు?

1980ల్లో మిడిల్‌వెయిట్ ఛాంపియన్ మార్విన్ హ్యాగ్లర్. ఈయన గురించి కాస్త ఎక్కువే రాస్తాను.

హ్యాగ్లర్ పైకి వచ్చిందే కష్టపడి. 1979లో వీటో ఆంటువోఫెర్మోతో మొదటి టైటిల్ ఫైట్‌ని జడ్జీలు డ్రా అన్నారు, చాలామంది హ్యాగ్లర్ గెలిచాడనుకున్నారు. 1980లో లండన్ వెళ్ళి అలన్ మింటర్‌ని మూడు రౌండ్లలో చీల్చి బెల్టు తీసుకుంటే జనం సీసాలు విసిరారు. ఛాంపియన్ అయ్యాక మాత్రం ఆ ఆంటువోఫెర్మోకి తనే 1981లో రీమ్యాచ్ ఇచ్చి ఆ లెక్క సరిచేసుకున్నాడు. ఎవరొచ్చినా కాదనలేదు.

1987 ఏప్రిల్ 6న షుగర్ రే లెనార్డ్. దాదాపు మూడేళ్ళు రింగుకి దూరంగా ఉన్న మనిషి, 160లో అంతకుముందు ఒక్క ఫైట్ కూడా చెయ్యలేదు. బేరం దగ్గర లెనార్డ్ పక్షం ఏం చేసిందో చూడండి. డబ్బులో పెద్ద వాటా హ్యాగ్లర్‌కే వదిలేసింది. 1 కోటి 20 లక్షల డాలర్లు హ్యాగ్లర్‌కి, 1 కోటి 10 లక్షలు లెనార్డ్‌కి. బదులుగా లెనార్డ్ అడిగినవి మూడు: 15 రౌండ్లు కాదు 12 చాలు, రింగు పెద్దదిగా ఉండాలి, గ్లవ్స్ 10 ఔన్సులవి ఉండాలి. కాళ్ళ మీద తిరిగేవాడికి పెద్ద రింగు, ఆలస్యంగా ఊపందుకునేవాడికి ఎదురుగా తక్కువ రౌండ్లు, గట్టిగా కొట్టేవాడి చేతికి మెత్తటి గ్లవ్స్. హ్యాగ్లర్ అన్నిటికీ సరేనన్నాడు. ఒక జడ్జి 115-113 హ్యాగ్లర్‌కి, ఒకరు అంతే తేడాతో లెనార్డ్‌కి, మూడో ఆయన ఏకంగా 118-110 లెనార్డ్‌కి పాయింట్లు వేశారు. లెనార్డ్ గెలిచాడు.

హ్యాగ్లర్ వెంటనే రీమ్యాచ్ అడిగాడు. లెనార్డ్ రిటైర్ అన్నాడు. ఏడాదికి పైగా చూసి, 1988లో హ్యాగ్లర్ కూడా వీడ్కోలు చెప్పి ఇటలీ వెళ్ళి సినిమాల్లో నటించాడు. లెనార్డ్ అదే ఏడాది చివర్లో మళ్ళీ రింగులోకి వచ్చాడు, వేరేవాళ్ళతో. తర్వాతెప్పుడో రీమ్యాచ్ మాట లెనార్డ్ వైపు నుంచి వచ్చినా హ్యాగ్లర్ ఇక దిగలేదు. 2021లో కన్నుమూశాడు. కాంట్రాక్టులో ఒక్క వాక్యం, ఓడితే ఆరు నెలల్లో మళ్ళీ అని, ఉండుంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

గొలోవ్‌కిన్, కనేలో గొడవ మొత్తం చెప్పన్నా, ఎవరిది తప్పు?

ఇది అందరూ అడిగేది. వరసగా చెప్తాను.

2017 సెప్టెంబర్ 16, లాస్ వేగాస్, మొదటి ఫైట్. డేవ్ మొరెట్టి 115-113 గొలోవ్‌కిన్‌కి, డాన్ ట్రెల్లా 114-114, అడలేడ్ బర్డ్ 118-110 కనేలోకి. అంటే బర్డ్ లెక్కలో గొలోవ్‌కిన్ 12 రౌండ్లలో రెండే గెలిచాడు. డ్రా. హ్యాగ్లర్ ఫైట్‌లో లెనార్డ్‌కి 115-113 ఇచ్చిన జడ్జి కూడా ఈ మొరెట్టియే, అక్కడా ఇక్కడా ఆయన పక్కనే ఒక 118-110 కార్డు! ముప్పై ఏళ్ళలో జడ్జీల సంగతి ఏం మారిందో మీరే చూడండి.

రీమ్యాచ్ 2018 మే 5న అన్నారు. ఫిబ్రవరిలో కనేలో మూత్ర పరీక్షల్లో క్లెన్‌బ్యుటెరాల్ అనే నిషేధిత మందు దొరికింది. మెక్సికోలో తిన్న మాంసం వల్ల అన్నారు అతని తరఫువాళ్ళు. లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రపు బాక్సింగ్ కమిషన్ ఆరు నెలలు నిషేధించింది, ఫైట్ పోయింది. గొలోవ్‌కిన్ తేదీ వదులుకోకుండా వానెస్ మార్టిరోస్యాన్‌తో తలపడి రెండో రౌండులో పడగొట్టాడు. మా మ్యాండేటరీతో తలపడలేదని ఐబీఎఫ్ జూన్‌లో అతని బెల్టు లాగేసుకుంది. దొరికింది కనేలో, బెల్టు పోయింది గొలోవ్‌కిన్‌ది. ఇంతకంటే అన్యాయం ఏముంటుంది?

తర్వాత డబ్బు దగ్గర గట్టిగా నిలబడ్డాడు గొలోవ్‌కిన్. మొదటి ఫైట్ కంటే మంచి వాటా కావాలన్నాడు, సగం సగం అన్నాడు, చివరికి కనేలోకి 57.5, తనకి 42.5 శాతం అన్నట్టు వార్తలొచ్చాయి. 2018 సెప్టెంబర్ 15న కనేలో 115-113, 115-113, 114-114తో గెలిచాడు. నా లెక్కలో ఈ రెండో ఫైట్ ఎటైనా పోవచ్చు, దాని మీద నాకు గొడవ లేదు.

నా గొడవ మూడోదాని మీద. వెంటనే ఉంటుందనుకున్నాం. 2019 పోయింది, 2020 పోయింది, 2021 పోయింది. 2022 సెప్టెంబర్ 17న జరిగింది, అదీ 168 పౌండ్లకి, కనేలో రాజ్యమేలుతున్న తరగతిలో. కనేలోకి 32, గొలోవ్‌కిన్‌కి 40. కనేలో పాయింట్లతో గెలిచాడు, అందులో సందేహం లేదు. సందేహమల్లా ఆ ఫైట్ ఆ ఏడాదే ఎందుకు జరిగిందన్నదే.

కనేలోని తక్కువ చెయ్యను, అతను గొప్ప బాక్సరు, జేకబ్స్ లాంటివాళ్ళతో భయపడకుండా తలపడ్డాడు. కానీ గొలోవ్‌కిన్ విషయంలో ప్రతి మలుపులోనూ ఎప్పుడన్నది తేల్చింది కనేలో పక్షమే.

ఓడిన వెంటనే రీమ్యాచ్‌కి వెళ్ళడం మంచిదేనా?

మనిషిని బట్టి. ఎందుకు ఓడాడో తెలిసినవాడికి మంచిదే. 1957 జనవరిలో జీన్ ఫుల్‌మర్ రాబిన్సన్‌ని మీదమీద పడి నలిపేశాడు. మే 1న రీమ్యాచ్, ఐదో రౌండులో ఒకే ఒక్క ఎడమచేతి హుక్, ఫుల్‌మర్ లేవలేదు.

ఎందుకు ఓడాడో తెలియనివాడికి, లేదా తెలిసినా చెయ్యగలిగిందేమీ లేనివాడికి నష్టం. 1970లో రోమ్‌లో నీనో బెన్వెనూటి 12వ రౌండులో కార్లోస్ మొన్జోన్ చేతిలో నాకౌట్ అయ్యాడు. ఆరు నెలలకి మోంటే కార్లోలో మళ్ళీ దిగాడు. ఈసారి మూడో రౌండులోనే అతని మనుషులు ఓటమి ఒప్పుకుంటూ టవల్ విసిరారు. ఆ తర్వాత బెన్వెనూటి ఫైటే చెయ్యలేదు.

అన్నిటికంటే నచ్చే దారి సెర్హియో మార్టినెజ్‌ది. 2009 డిసెంబర్‌లో పాల్ విలియమ్స్ చేతిలో దగ్గరి తేడాతో ఓడాడు. మార్టినెజ్ కూర్చుని ఏడవలేదు, 2010 ఏప్రిల్‌లో పావ్లిక్‌ని ఓడించి ఛాంపియన్ అయ్యాడు. ఇప్పుడు బెల్టు అతనిది. నవంబర్‌లో విలియమ్స్ అతని దగ్గరికే వచ్చాడు, రెండో రౌండులో ఒక్క ఎడమచేతి దెబ్బకి బోర్లా పడ్డాడు. రీమ్యాచ్ అడుక్కోకుండా ఎదుటివాడే వచ్చేట్టు చేసుకున్నాడు.

కొన్నిసార్లు ఏ లెక్కా పనిచెయ్యదు. 1949 జూన్‌లో మార్సెల్ సెర్డాన్ భుజం మొదటి రౌండులోనే పక్కకు జరిగి, ఒంటిచేత్తో లాక్కొచ్చి జేక్ లమోటాకి బెల్టు పోగొట్టుకున్నాడు. రీమ్యాచ్ కుదిరింది, లమోటాకి దెబ్బ తగిలి వాయిదా పడింది. ఆ ఫైట్ కోసం అమెరికా వెళ్తుంటే అక్టోబర్ 28న అజోర్స్ దీవుల్లో విమానం కొండకి కొట్టుకుంది. 48 మంది పోయారు, సెర్డాన్ కూడా.

మన దేశంలో ఎట్టా ఉంది?

అమెచ్యూర్‌లో ప్రత్యర్థిని ఎంచుకోవడం అన్నదే లేదు, లాటరీ డ్రాలో ఎవరొస్తే వాళ్ళే. పోట్లాడేదల్లా జట్టులో చోటు తేల్చే ట్రయల్స్ కోసం. 2019లో మన తెలుగమ్మాయి నిఖత్ జరీన్ మేరీ కోమ్‌తో ట్రయల్ కావాలని పట్టుబట్టి సాధించుకుంది. డిసెంబర్‌లో ఆ ట్రయల్ 9-1తో ఓడింది, కానీ 2022లో, 2023లో ప్రపంచ ఛాంపియన్ అయింది. అడిగి తలపడటంలో సిగ్గుపడాల్సిందేం లేదని ఇక్కడ కుర్రాళ్ళకి నేను ఆ అమ్మాయినే చూపిస్తాను.

ప్రొఫెషనల్‌లో విజేందర్ 2015 నుంచి ఓటమి లేకుండా వచ్చాడు. 2016లో ఢిల్లీలో కెర్రీ హోప్‌ని ఓడించి సూపర్ మిడిల్‌వెయిట్‌లో డబ్ల్యూబీవో ఆసియా పసిఫిక్ బెల్టు తీసుకున్నాడు. 2021 మార్చిలో గోవాలో ఆర్టిష్ లోప్సాన్ అతన్ని ఓడించాడు. తర్వాతి ఫైట్ లోప్సాన్‌తో కాదు, 2022 ఆగస్టులో రాయ్‌పూర్‌లో ఎలియాసు సులేతో. 36 ఏళ్ళు నిండిన మనిషికి ముందొక గెలుపు కావాలి, అందుకే అట్టా ఎంచుకున్నారనుకుంటాను.

లైవ్ ఏ టైముకి వస్తుంది?

లాస్ వేగాస్ మెయిన్ ఫైట్ అయితే మనకి ఆదివారం పొద్దున ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నర మధ్య, కారం దోశె తింటూ చూడొచ్చు. లండన్, రియాద్ అయితే శనివారం అర్ధరాత్రి దాటాక, అలారం పెట్టుకోవాలి.

మా తమ్ముడు ప్రొఫెషనల్ అవుతానంటున్నాడు. కాంట్రాక్టులో ఏం చూడాలి?

ముందు ఎన్నేళ్ళకి కట్టేస్తున్నారో చూడండి, ఏడాదికి కనీసం ఎన్ని ఫైట్లు ఇస్తారో రాశారా అని చూడండి. ఫైట్లు ఇవ్వకుండా కూర్చోబెడితే బయటికొచ్చే దారి ఉండాలి. అమెరికాలో 2000లో వచ్చిన మహమ్మద్ అలీ చట్టం ప్రకారం ప్రమోటర్ తనకి ఎంత వస్తోందో బాక్సరుకి చెప్పాలి, బలవంతంగా రాయించుకునే ఒప్పందాలకి ఏడాది హద్దుంది. ఆ చట్టం మనకి వర్తించదు, కాబట్టి మనకి కావలసింది మన కాగితంలోనే రాయించుకోవాలి. దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఎవరిది, స్కాన్లు ఎవరు తీయిస్తారు, డబ్బు ఫైట్ రోజే ఇస్తారా, తర్వాతా?

ఒకటి మరీ ముఖ్యం. రెండు మూడు రోజుల ముందు ఫోన్ చేసి ఎదుటివాడు మారాడు, బరువు కూడా రెండు కిలోలు ఎక్కువ, పర్లేదా అని అడుగుతారు. కొత్త కుర్రాడు అవకాశం పోతుందేమోనన్న టెన్షన్‌తో సరే అంటాడు. అట్టాంటప్పుడు కాదనే హక్కు, కాదన్నా ప్రయాణం ఖర్చులు, ట్రైనింగ్ ఖర్చులు వచ్చేట్టు ముందే రాయించండి. తమ్ముడితో సంతకం పెట్టించే ముందు ఆ కాగితాన్ని నెల్లూరులోనో ఒంగోలులోనో కోర్టు దగ్గర ఒక మంచి లాయర్‌కి చూపించండి. రీమ్యాచ్ గురించి రాసిన పేరా ఉంటే, అది ఎవరి పేరు మీద రాసుందో ఆయన్నే చదివి చెప్పమనండి.